నోటు పుస్తకమే యోగ్యతాపత్రం

విద్యను గురుముఖతః అభ్యసించాలని మన పూర్వులు భావించారు. శిష్యుడు ఎంతవరకు నేర్చాడో ఎదుట కూర్చున్న గురువుకు ఇట్టే తెలుస్తుంది. విద్యాలయాల్లో ఆ పనిని పరీక్షలు, మార్కుల జాబితాలు, ఉత్తీర్ణతా పత్రాలు నిర్వహిస్తాయి. మరి గురువు లేకుండా, తరగతి గది లేకుండా, స్వయంకృషితో చదువుకొనేవారి సంగతి ఏమిటి? వారు ఎంత దూరం నడిచారో లోకానికి తెలిసేదెట్లా? నడిచిన దారిని వారే రాసిపెట్టుకోవాలి. ఆ రాతను చదివి విలువ కట్టగలవారు తారసపడాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ఎంతటి ప్రతిభ అయినా మరుగున పడిపోతుంది. నేటి ఇంటర్మీడియట్‌తో సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలో తప్పిన ఒక నిరుపేద యువకుడు, చేతిలోని నోటు పుస్తకాన్నే ఆధారంగా చేసుకొని ప్రపంచ గణితశాస్త్రవేత్తల సరసన నిలిచాడు. ఆ యువకుడే శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో, అమ్మమ్మ గారింట జన్మించారు. తండ్రి కుప్పుస్వామి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక బట్టల వర్తకుని వద్ద గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దైవభక్తి గల గృహిణి. కుంభకోణంలో శారంగపాణి దేవాలయానికి వెళ్లే వీధిలోని చిన్న ఇంట్లో ఆయన బాల్యం గడిచింది. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలో ప్రథముడిగా నిలిచి, మరుసటి ఏడాది టౌన్ హైస్కూలులో చేరారు. పదమూడేళ్ల ప్రాయానికే లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని ఆమూలాగ్రం ఆకళింపు చేసుకొన్నారు. తోటి విద్యార్థులు ఆయన చెప్పే మాటలు అర్థంకాక ఆశ్చర్యంతో చూసేవారు.

రామానుజన్ జీవితాన్ని మలుపు తిప్పినది ఒక పుస్తకం. 1903లో, పదహారో ఏట, కార్ అనే ఆంగ్లేయుడు రచించిన గణిత సంగ్రహం ఆయన చేతికి వచ్చింది. కార్ లండన్‌లో విద్యార్థులను పరీక్షలకు సిద్ధంచేసే ఉపాధ్యాయుడు. దాదాపు అయిదు వేల ఫలితాలను వరుస సంఖ్యలు వేసి అందులో కూర్చారు. అది గొప్ప గ్రంథమేమీ కాదు. ఫలితాలు ఉన్నాయి గాని వాటి నిరూపణలు బహుక్లుప్తం. చాలాచోట్ల అవి కూడా లేవు. మరొకరైతే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేవారే. రామానుజన్‌కు అది ఆహ్వానంగా తోచింది. ఒక్కొక్క ఫలితాన్ని తానే సాధిస్తూ, సాధించినదాని నుంచి కొత్త ఫలితాలకు దారితీస్తూ, వాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం 1904 ప్రాంతంలో మొదలుపెట్టారు.

రాసే పద్ధతిని కూడా ఆయన కార్ నుంచే గ్రహించారు. ఫలితం రాసేవారు, అక్కడికి చేరిన మార్గం రాసేవారు కారు. దీనికి పేదరికం కూడా తోడయింది. కాగితం కొనే స్తోమత లేక లెక్కలన్నీ పలక మీద చేసేవారు. పలక నిండగానే మోచేత్తో తుడిచి, మళ్లీ మొదలుపెట్టేవారు. చివరికి మిగిలిన ఫలితం మాత్రమే నోటు పుస్తకానికి ఎక్కేది. ఆలోచన సాగిన మెట్లన్నీ సుద్దపొడిగా రాలిపోయేవి. ఈ అలవాటు తరువాతి కాలంలో ఆయనకు ఎన్ని చిక్కులు తెచ్చిపెట్టిందో ముందు చూడగలం.

1904లో హైస్కూలు చదువు ముగిసేనాటికి గణితంలో బహుమతిని, కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనాన్ని సంపాదించారు. కాని గణితం తప్ప మరొక విషయం మీద మనసు నిలవలేదు. ఆంగ్లంలో తప్పడంతో ఉపకార వేతనం పోయింది. 1905లో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి విశాఖపట్టణం చేరారు. తల్లిదండ్రులు గాలించి తిరిగి రప్పించుకొన్నారు. 1906లో మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా అనారోగ్యం కారణంగా చదువు సాగలేదు. 1907లో ఎఫ్.ఏ. పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని మళ్లీ తప్పారు. దానితో కళాశాల ద్వారాలు ఆయనకు మూసుకుపోయాయి.

తరువాతి కొన్ని సంవత్సరాలు రామానుజన్‌కు డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, మార్గదర్శకుడు లేడు. ఇంట్లో పూటగడవడమే కష్టంగా ఉండేది. 1909లో జానకితో వివాహం కావడంతో బాధ్యత మరింత పెరిగింది. అయినా నోటు పుస్తకంలో పేజీలు నిండుతూనే ఉన్నాయి. మొదటి పుస్తకంలోని విషయాలను సవరించి, పెంచి, ఇరవై ఒక్క అధ్యాయాలుగా రెండో పుస్తకంలోకి ఎక్కించారు. ఎవరూ అడగని, ఎవరూ దిద్దని ఆ పుస్తకాలను ఆయన ఎంత భద్రంగా చూసుకొన్నారో తెలిపే ఘట్టం ఒకటి ఉంది. మద్రాసులో ఉండగా తీవ్రంగా జబ్బుపడినప్పుడు మిత్రుడు రాధాకృష్ణ అయ్యర్ ఆయనను కుంభకోణం పంపడానికి రైలెక్కించారు. బండి కదిలేముందు రామానుజన్ కోరినది ఒక్కటే. తాను మరణిస్తే ఆ నోటు పుస్తకాలను పచ్చయ్యప్ప కళాశాల ఆచార్యుడు సింగారవేలు మొదలియార్‌కు గాని, మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యుడు రాస్‌కు గాని అందజేయాలని అప్పగింత పెట్టారు. తాను పోయినా తన చదువు పోకూడదన్నదే ఆయన ఆరాటం.

ఆరోగ్యం కుదుటపడ్డాక రామానుజన్ ఆ పుస్తకాలనే చంకన పెట్టుకొని ఉద్యోగాన్వేషణకు బయలుదేరారు. 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించిన రామస్వామి అయ్యర్ అప్పుడు తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు. ఆయన కార్యాలయంలో చిన్న గుమాస్తా పని దొరికినా చాలునని రామానుజన్ వెళ్లారు. రామస్వామి అయ్యర్ నోటు పుస్తకం తిరగవేసి విస్మయం చెందారు. ఇటువంటి మేధను రెవెన్యూ కార్యాలయంలో బంధించడం అపచారమని తలచి, పరిచయ లేఖలిచ్చి మద్రాసు పంపించారు.

ఆ పరిచయాల ఫలంగా 1910 చివరలో రామానుజన్ దివాన్ బహదూర్ రామచంద్రరావును కలుసుకొన్నారు. రామచంద్రరావు అప్పుడు నెల్లూరు కలెక్టరు, గణితాభిమాని. ఎదుట నిలిచిన యువకుని వేషం చూస్తే పేదరికం కనిపించింది. కన్నుల్లో మాత్రం అసాధారణమైన వెలుగు ఉంది. నోటు పుస్తకం చూశారు. అందులో ఉన్నది విజ్ఞానమో వట్టి భ్రమయో ఆయన తేల్చుకోలేకపోయారు. మరొకసారి రమ్మన్నారు. రామానుజన్ పరిస్థితిని గ్రహించి, తరువాతి సమావేశాల్లో మొదట తన సులభమైన ఫలితాలను చూపారు. అవి అప్పటి గ్రంథాల్లో లేని విషయాలు. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా పైకి తీసుకువెళ్లి, చివరకు ప్రపంచానికి ఇంకా తెలియని ఫలితాలను ముందుంచారు. రామచంద్రరావు సందేహం తీరింది. ఏమి కావాలని అడిగితే, పరిశోధన సాగించడానికి పొట్టగడిస్తే చాలునని రామానుజన్ విన్నవించారు. ఆనాటి నుంచి నెలకు 25 రూపాయలు పంపి రామచంద్రరావు ఆయనను ఆదుకొన్నారు. చదివేవారి స్థాయికి దిగివచ్చి చూపితేనే తన రాతకు విలువ దొరుకుతుందని రామానుజన్‌కు ఇక్కడ తెలిసివచ్చింది.

1911లో భారత గణిత సంఘ పత్రికలో బెర్నూలీ సంఖ్యల ధర్మాలపై రామానుజన్ తొలి వ్యాసం అచ్చయింది. ఆ వ్యాసం సులభంగా వెలుగుచూడలేదు. భావాలు కొత్తవి; చెప్పిన తీరు మరీ క్లుప్తం. నడుమ మెట్లు లేకపోవడంతో సామాన్య పాఠకుడు అనుసరించలేడని సంపాదకుడు నారాయణ అయ్యంగార్ పలుమార్లు తిప్పిపంపారు. రామానుజన్ ఓపికతో తిరగరాశారు. అదే పత్రికలో ఆయన పాఠకులకు సమస్యలు కూడా ఇచ్చారు. వర్గమూలంలో వర్గమూలం అనంతంగా ఇమిడిపోయే ఒక సమస్యకు నెలల తరబడి ఎవరూ జవాబు పంపలేదు. చివరకు ఆయనే పరిష్కారం ప్రకటించారు. ఆ అనంత నిర్మాణం విలువ 3 అనే చిన్న సంఖ్య!

ఒకరి దయ మీద బతకడం రామానుజన్‌కు రుచించలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంపై గుమాస్తాగా చేరారు. అక్కడ ముఖ్య గణకుడు నారాయణ అయ్యర్ స్వయంగా గణితవేత్త. రాత్రివేళల్లో ఇద్దరూ పలకలు పట్టుకొని లెక్కలు చేసేవారు. రామానుజన్ ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు దూకినప్పుడల్లా, ఆ రెంటి నడుమ పది మెట్లయినా రాస్తేనే ఇతరులకు అర్థమవుతుందని నారాయణ అయ్యర్ మందలించేవారట. ఆయనా, పోర్టు ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగూ ఆ గుమాస్తా విలువ గుర్తించి పైవారి దృష్టికి తీసుకువెళ్లారు. అయితే ఆ లెక్కలను సాధికారంగా తూచగలవారు మద్రాసులో లేరు. లండన్‌లోని ఆచార్యుడు హిల్‌కు కొన్ని ఫలితాలు పంపితే, ఆయన ప్రతిభను గుర్తించినా అపసరణ శ్రేణుల విషయంలో రామానుజన్ పొరపడ్డారని అభిప్రాయపడ్డారు. కేంబ్రిడ్జికి చెందిన మరి ఇద్దరు ఆచార్యుల నుంచి సహాయం లభించలేదు.

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు చెందిన హార్డీకి ఉత్తరం రాశారు. తాను పోర్టు ట్రస్టు గుమాస్తానని, విశ్వవిద్యాలయ విద్య లేదని దాచకుండా తెలిపి, వంద పైచిలుకు ఫలితాలను జతచేశారు. హార్డీ మొదట అనుమానించారు. ఆ రాత్రి మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించారు. కొన్ని ఇదివరకే తెలిసినవి. ప్రధాన సంఖ్యలకు సంబంధించినవి కొన్ని పొరపాట్లు. మరికొన్ని మాత్రం వారెన్నడూ కనీవినీ ఎరుగనివి; కల్పించడానికి కూడా సాధ్యంకానంత లోతైనవి. రాసినవాడు మహామేధావి అని వారిద్దరూ నిశ్చయానికి వచ్చారు. కొద్దివారాల్లో హార్డీ ప్రత్యుత్తరం వచ్చింది. అందులో ప్రశంసతోపాటు ఒక ముఖ్యమైన కోరిక ఉంది. ఫలితాలతో సరిపెట్టక నిరూపణలు పంపాలని ఆయన కోరారు.

ఈలోగా మద్రాసులో మరొక చిక్కు ఎదురయింది. వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ 1913 ఫిబ్రవరిలో పోర్టు ట్రస్టుకు వచ్చి రామానుజన్ నోటు పుస్తకం చూశారు. ఆ యువకునికి కొన్నేళ్లు పూర్తి తీరిక కల్పించాలని విశ్వవిద్యాలయానికి సిఫారసు చేశారు. గణిత పాఠ్యసంఘాధ్యక్షుడైన ఆచార్య హనుమంతరావు మార్చిలో సంఘాన్ని సమావేశపరచి పరిశోధక వేతనాన్ని ప్రతిపాదించారు. అయితే నిబంధనల ప్రకారం ఆ వేతనం ఎం.ఏ. పట్టభద్రులకే. ఎఫ్.ఏ. తప్పినవానికి ఇవ్వడమెట్లా? పాలకమండలిలో చర్చ జరిగింది. పరిశోధనను ప్రోత్సహించడం విశ్వవిద్యాలయ చట్టం ఉద్దేశాల్లో ఒకటని గుర్తుచేసి, నియమం కన్నా ఆ ఉద్దేశానికే పెద్దపీట వేశారు. 1913 మే 1 నుంచి రెండేళ్లపాటు నెలకు 75 రూపాయల వేతనం మంజూరయింది. పట్టా చేయలేని పనిని నోటు పుస్తకం చేసింది.

వేతనంతోపాటు ఒక షరతు ఉంది. ప్రతి మూడు నెలలకు తన పరిశోధన ఎంతవరకు వచ్చిందో నివేదిక సమర్పించాలి. రామానుజన్‌కు ఇది కొత్త అనుభవం. అంతవరకు రాసినది తనకోసం. ఇప్పుడు రాయవలసినది తనను పోషిస్తున్న విద్వత్సభ కోసం. 1913 ఆగస్టు 5న మొదటిది, నవంబరు 7న రెండోది, 1914 మార్చి 9న మూడోది సమర్పించారు. కొన్ని నిశ్చిత సమాకలనుల విలువలను ఒకే సూత్రంతో రాబట్టే విధానాన్ని వాటిలో వివరించారు. నోటు పుస్తకంలో ఒక్క వాక్యంతో ముగించే విషయాన్ని ఇక్కడ కారణాలతో, ఉదాహరణలతో విప్పిచెప్పడానికి ప్రయత్నించారు. ఆ వివరణ పూర్తి కట్టుదిట్టమైనదని చెప్పలేం. అయినా రామానుజన్ ఆలోచన ఏ దారిన సాగేదో తెలుసుకోవడానికి ఈ నివేదికలు అమూల్యమైన ఆధారాలు. ఆ ఫలితానికి తగిన నిరూపణను తరువాత హార్డీ సమకూర్చారు. నేడు దానిని రామానుజన్ ప్రధాన సిద్ధాంతమని వ్యవహరిస్తారు. నివేదికల మూలప్రతులు కాలగర్భంలో కలిసిపోయాయి. 1925లో ఒకరు చేత్తో ఎత్తిరాసిన నకలు కారణంగా వాటిలోని విషయం మనకు దక్కింది.

మూడో నివేదిక ఇచ్చిన ఎనిమిదో రోజున, అంటే 1914 మార్చి 17న, రామానుజన్ ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జిలో హార్డీకి ఎదురైన సమస్య సామాన్యమైనది కాదు. తన శిష్యుడు ఒక దిక్కున ప్రపంచంలో ఎవరికీ తెలియని విషయాలు ఎరుగుదురు. మరొక దిక్కున కళాశాల విద్యార్థులందరికీ తెలిసినవి ఎరుగరు. మొదటి నుంచి పాఠాలు చెబితే సహజమైన ఊహాశక్తి దెబ్బతింటుందేమో. చెప్పకపోతే తప్పొప్పులు తెలియవు. హార్డీ మధ్యేమార్గం అవలంబించారు. రామానుజన్ తన దారిన తాను నడుస్తూనే నిరూపణ అవసరాన్ని గ్రహించారు. గురుశిష్యుల సహకారానికి ఉత్తమ ఫలం సంఖ్యా విభజనలపై 1918లో వెలువడిన వ్యాసం. ఒక సంఖ్యను ఎన్ని విధాల మొత్తంగా రాయవచ్చునన్నది అందలి ప్రశ్న. 4ను అయిదు విధాల రాయవచ్చు. 200ను రాసే విధాలు పదమూడు అంకెల సంఖ్య అవుతుంది. మక్‌మాన్ అనే గణితవేత్త చేత్తో లెక్కించి తెచ్చిన విలువతో వీరి సూత్రం సరిపోయింది.

అధిక సంయుక్త సంఖ్యలపై చేసిన కృషికి 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రామానుజన్‌కు పరిశోధన ద్వారా బి.ఏ. పట్టం ఇచ్చింది. రెండు కళాశాలల్లో చేరీ పొందలేకపోయిన పట్టా ఆ విధంగా చేతికి వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ ఏడాదే ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యారు. కాని యుద్ధకాలపు ఇక్కట్లు, శాకాహార నియమం, చలి, ఒంటరితనం ఆయన దేహాన్ని కుంగదీశాయి. 1917 నుంచి ఆసుపత్రులే నివాసమయ్యాయి. 1919లో స్వదేశం చేరినా ఆరోగ్యం చక్కబడలేదు.

మంచాన పడి ఉండి కూడా రామానుజన్ రాయడం మానలేదు. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో, తాను కనుగొన్న కొత్త రకం ప్రమేయాలను వివరించారు. 1920 ఏప్రిల్ 26న, ముప్పై రెండేళ్లకే మద్రాసులోని చేట్‌పట్‌లో కన్నుమూశారు. చివరి సంవత్సరం రాసిన విడికాగితాలను తరువాత విశ్వవిద్యాలయం హార్డీకి పంపింది. అవి చేతులు మారి కేంబ్రిడ్జిలోని ట్రినిటీ గ్రంథాలయంలో ఒక పెట్టెలో ఉండిపోయాయి. 1976లో అమెరికా గణితవేత్త జార్జి ఆండ్రూస్ వాటిని గుర్తించారు. ఆరువందలకు పైగా ఫలితాలున్న ఆ కట్టకు రామానుజన్ పోగొట్టుకొన్న నోటు పుస్తకమని పేరు వచ్చింది.

మొదటి నోటు పుస్తకాలను బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ 1957లో యథాతథంగా ప్రచురించింది. వాటిలో మూడు వేలకు పైగా ఫలితాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి నిరూపణ కూర్చడం తరాల తరబడి సాగిన పని. బ్రూస్ బెర్న్‌ట్ అనే అమెరికా ఆచార్యుడు ఆ కృషిని అయిదు సంపుటాలుగా 1985 నుంచి 1998 వరకు వెలువరించారు. అత్యధిక ఫలితాలు నిజమని తేలాయి. పలక మీద చెరిగిపోయిన మెట్లను తిరిగి కట్టడానికి ప్రపంచ గణితవేత్తలకు దశాబ్దాలు పట్టింది. ఆ మెట్లు రాసి ఉంటే ఎందరి శ్రమ తగ్గేదో. ఆ ఫలితాలే రాయకపోయి ఉంటే ఎంతటి నష్టం జరిగేదో!

భారత ప్రభుత్వం 2012 నుంచి డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా పాటిస్తున్నది. రామానుజన్ జీవితం పరీక్షలను తృణీకరించమని బోధించదు. పరీక్ష తప్పినందుకు ఆయన పడిన బాధలు చిన్నవి కావు. చదువు పరీక్షతో మొదలై పరీక్షతో ముగిసేది కాదని మాత్రం ఆ జీవితం చాటుతుంది. నేర్చినదాన్ని ఏ రోజుకారోజు రాసుకోవడం విద్యార్థి ధర్మం. ఇతరులు చదివి తెలుసుకొనేటట్లు రాయడం అంతకు మించిన ధర్మం. అటువంటి రాత ఎదుటికి వచ్చినప్పుడు, పట్టా కోసం వెదకకుండా విషయం కోసం వెదకడం పెద్దల ధర్మం. నెల్లూరు కలెక్టరు, పోర్టు ట్రస్టు గణకుడు, పాఠ్యసంఘాధ్యక్షుడు, కేంబ్రిడ్జి ఆచార్యుడు తమ ధర్మాన్ని నెరవేర్చినందువల్లనే కుంభకోణం యువకుని నోటు పుస్తకం లోకానికి దక్కింది.